మిద్దెతోటలో మందు సీసా కంటే ముందు కొనాల్సింది ఈ మడత భూతద్దం

ఈ రివ్యూ ఒక భూతద్దం గురించి. నగల షాపులో రాయి చూడ్డానికి కంటి దగ్గర పెట్టుకుంటారే, ఆ మడత భూతద్దం. 10 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. అద్దం వెడల్పు 21 మిల్లీమీటర్లు, స్టీలు తొడుగులోకి మడిచి పర్సులో పడేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్నాను, నాలుగు వందల లోపే అయింది. మొక్క మీద ఏదో పాకుతుంటే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఎవరో ఒకరు "వేపనూనె కొట్టండి" అనేదాకా టెన్షన్ పడే మిద్దెతోట వాళ్ళందరి కోసం రాస్తున్నాను. నాదీ మిద్దెతోటే. కాకినాడలో, రెండంతస్తుల ఇంటి మీద. బెండ, వంగ, మిర్చి, చిక్కుడు పాదు, కరివేపాకు, రెండు మందారాలు, కొన్ని గులాబీలు.

నా మాట ముందే చెప్పేస్తాను. తోట మొదలుపెట్టేవాళ్ళు మందు సీసా కంటే ముందు ఇది కొనాలి. మందు కొడితే మొక్కని తినే పురుగుతో పాటు ఆ పురుగుని తినే పురుగు కూడా పోతుంది. తర్వాత ముందుగా తిరిగొచ్చేది మొక్కని తినేదే, ఎందుకంటే దాని సంతానం వేగం. దాన్ని తినేది రావాలంటే ఇంకా చాలా రోజులు పడుతుంది. ఈ మధ్యలో మళ్ళీ మందు కొడతాం. ఆ సుడిలో పడకుండా ఉండాలంటే అసలు ఆ ఆకు మీద ఉన్నది ఎవరో తెలియాలి. ఆకు రసం పీల్చేవాటిలో పేనుబంక ఒకటి రెండు మిల్లీమీటర్లు, తెల్లదోమ ఒక మిల్లీమీటరు, ఎర్రనల్లి అందులో సగం. మన కంటికి ఇవన్నీ చుక్కలే. చుక్కని చూసి తీర్పు చెప్పడం అన్యాయం.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇవే అద్దాల మీద 30 రెట్లు, 60 రెట్లు అని రాసి అమ్ముతారు. నాకు వచ్చినదాని మీద కూడా 30 అని చెక్కి ఉంది. అది నిజమో కాదో తెలుసుకోవడం తేలిక. 10 రెట్ల అద్దంలో వస్తువు స్పష్టంగా కనపడాలంటే అద్దానికి సుమారు 2.5 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. 20 రెట్లదైతే సెంటీమీటరున్నర కూడా ఉండదు. 30 రెట్లదైతే సెంటీమీటరు లోపే. పిల్లల స్కేలు పక్కన పెట్టి న్యూస్‌పేపరు అక్షరం మీద చూశాను. సరిగ్గా రెండున్నర దగ్గరే అక్షరం తేటపడింది. అంటే 10 రెట్లదే. తప్పు అంకె చెక్కి అమ్మడం మోసమే, అందుకు ఐదు మార్కుల్లో అరమార్కు తీసేస్తున్నాను. కానీ తోటకి మనకి కావలసింది 10 రెట్లే. అంతకంటే ఎక్కువైతే ఆకు మరీ దగ్గరికి తేవాలి, వెలుతురు తగ్గిపోతుంది, కనిపించే భాగం చిన్నదైపోతుంది, గాలికి ఆకు కాస్త కదిలినా పురుగు చూపులోంచి జారిపోతుంది.

వాడే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది చెయ్యి చాపి, ఆకు మీద అద్దం పెట్టి దూరం నుంచి చూసి "ఏమీ కనపడట్లేదు" అంటారు. అద్దాన్ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకోవాలి. ఆ చేతి మధ్యవేలు బుగ్గకి ఆనించాలి. రెండో చేత్తో ఆకుని మెల్లగా అద్దం దగ్గరికి తీసుకురావాలి. రెండో కన్ను మూయక్కర్లేదు. తల నీడ ఆకు మీద పడకుండా, ఎండ పక్కనుంచి వచ్చేలా నిలబడితే వెలుతురు ఆకు మీద బాగా పడుతుంది. చూసేది ఆకు పైభాగం కాదు, అడుగు. అసలు కథంతా అడుగునే జరుగుతుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళు తీసి చూస్తేనే సుఖం.

ఇక ఇది ఏం చూపించిందో చెప్తాను.

మందారం మీద పిండినల్లి, అంటే తెల్లటి పిండిలా అంటుకుని రసం పీల్చే పురుగు, పట్టడం తోట ఉన్నవాళ్ళందరికీ తెలిసిన బాధే. కింది వాటాలో ఉండే పిన్నిగారి మందారం కూడా మా మేడ మీదే ఉంటుంది. ఒకరోజు పొద్దున్నే స్ప్రే సీసా పట్టుకుని వచ్చారు.

"మొక్కంతా పట్టేసిందమ్మా. అదిగో చూడు, పెద్ద పెద్దవి కూడా వచ్చేశాయి, పాకేస్తున్నాయి."

"పాకేవి ఉన్నాయా పిన్నిగారూ? అయితే ఒక్క నిమిషం ఆగండి" అని ఆ కొమ్మ వంచి అద్దం ఆవిడ చేతికిచ్చాను.

పిండినల్లి అయితే గుండ్రంగా, పొట్టిగా ఉంటుంది. ఒంటి చుట్టూ ఉన్న మైనపు పోగులు పొట్టివి, ఇంచుమించు ఒకే కొలత. ఉన్నచోటునే అతుక్కుని రసం పీలుస్తూ కూర్చుంటుంది. ఆవిడ చూపించిన పెద్దవి అలా లేవు. వాటి తెల్లటి పోగులు పొడుగ్గా, చిందరవందరగా వేలాడుతున్నాయి, కొన్ని మెలితిరిగి ఉన్నాయి. ఆ తెలుపు కింద ఆరు కాళ్ళు కనిపిస్తున్నాయి, చురుగ్గా నడుస్తున్నాయి. ఒకటి పిండినల్లి గుడ్ల సంచిలోకి తల దూర్చి, పైకి తీసి, మళ్ళీ దూరుస్తోంది. చుట్టూ మైనపు పీచు చిందింది.

"అమ్మో, ఇది దాన్ని తింటోందే!" అన్నారు పిన్నిగారు అద్దం దించకుండానే. సీసా గోడ మీద పెట్టేశారు.

అది క్రిప్టోలీమస్ అనే పెంకుపురుగు పిల్ల. పెద్దదైతే వీపు నల్లగా, తల ఇటుక రంగులో ఉంటుంది. తర్వాత ఆ కొమ్మల మీదే పెద్దవీ కనిపించాయి కాబట్టి ఖాయంగా చెప్తున్నాను. దాని చుట్టాలే సిమ్నస్ అనే చిన్న పెంకుపురుగులు, వాటి పిల్లలూ ఇలాగే తెల్లటి మైనం కప్పుకుని తిరుగుతాయి. ఇవన్నీ మనవైపే. క్రిప్టోలీమస్ స్వస్థలం ఆస్ట్రేలియా. కాఫీ తోటల్లో పొలుసు పురుగుల కోసం 1898లోనే మన దేశానికి తెచ్చారు. అప్పటినుంచి ఇక్కడే స్థిరపడింది. మనం "ఇంత పెద్ద పిండినల్లా!" అని భయపడి ముందుగా చంపేది దీన్నే. ఎందుకంటే అది కదులుతుంది, పెద్దగా ఉంటుంది, కంటికి ముందు అదే ఆనుతుంది.

పిండినల్లి విషయంలో ఈ స్నేహితుల శక్తి ఎంతటిదో బొప్పాయి రైతుల్ని అడిగితే చెప్తారు. 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడిన బొప్పాయి పిండినల్లి దక్షిణాదంతా పాకి బొప్పాయి, మల్బరీ తోటల్ని ఊడ్చేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి అసెరోఫాగస్ పపాయే అనే కంటికి సరిగా ఆనని కందిరీగని తెప్పించి వదిలాక లొంగింది. అది పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలినుంచి తినేస్తుంది. ఇంతే జరిగింది.

చిక్కుడు పాదు మీద పేనుబంక చూడ్డానికైతే ఈ అద్దం పెట్టిన డబ్బుకి రెట్టింపు విలువ చేస్తుంది. పేనుబంకని గుర్తుపట్టడం తేలిక, వెనకవైపు రెండు చిన్న గొట్టాలు పైకి లేచి ఉంటాయి. మన వేడి ప్రాంతాల్లో ఆడవి మగవాటితో పని లేకుండానే, గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్నే కంటాయి. ఓపిగ్గా చూస్తే ఒకటి పిల్లని కంటుండగా కూడా కనిపిస్తుంది, పిల్ల వెనకభాగం ముందుగా బయటికి జారుతూ వస్తుంది. అందుకే రెండు రోజుల్లో తీగ నల్లబడిపోతుంది.

కానీ ఆ గుంపులోనే ఇంకా ఎవరున్నారో చూడాలి. వేగిన నువ్వుగింజ రంగులో ఉబ్బిపోయి, కదలకుండా ఆకుకి అతుక్కుని కొన్ని ఉంటాయి. అవి చచ్చిన పేనుబంక. లోపల చిన్న కందిరీగ పిల్ల పెరుగుతోంది. కొన్నిటి వీపు మీద గుండ్రటి కన్నం కనిపిస్తుంది, మూత తెరిచినట్టు చక్కగా కోసి ఉంటుంది. అంటే కందిరీగ పుట్టి బయటికెళ్ళి ఇంకో పేనుబంకని వెతుక్కుంటోందని అర్థం. ఉబ్బినవి గుంపులో అక్కడక్కడా కనిపిస్తే నేను మందు మాట ఎత్తను. గుంపు మధ్యలో కాళ్ళు లేకుండా, లేత ఆకుపచ్చగా, ఒళ్ళు సాగదీసి అటూ ఇటూ తడుముతూ ఒక పురుగు తిరుగుతుంటుంది. దాన్ని చూసి లద్దెపురుగు పిల్ల అనుకుని నలిపేస్తారు. అది సిర్ఫిడ్ ఈగ పిల్ల. పేనుబంకని నోటితో పట్టి, పైకెత్తి, పీల్చి, ఖాళీ తోలు కింద పడేస్తుంది. పెద్దదైతే పసుపు నలుపు చారలతో తేనెటీగలా గాలిలో ఒకేచోట నిలబడి ఎగురుతుంది, కుట్టదు. వెంట్రుక లాంటి కాడ చివర తెల్లటి గుడ్డు నిలబడి కనిపిస్తే అది క్రైసోపర్లాది, పచ్చని జాలీ రెక్కల పురుగుది. దాని పిల్లలు పేనుబంకని వేటాడతాయి. అదేదో బూజు అనుకుని తుడిచేయకండి.

చీమలు మాత్రం ఎదుటి పక్షం. పేనుబంక విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. కుండీ స్టాండు కాళ్ళకి గ్రీజు రాసి చీమల దారి మూస్తే సగం పని అయినట్టే. మిగతా సగానికి నీళ్ళ పైపుతో జోరుగా కొట్టినా చాలు.

అక్షింతల పురుగు అన్నాను కదా, ఇక్కడ కాస్త ఆగాలి. ఇది మంచిదని ఇప్పుడు అందరికీ తెలుసు. ఎర్రటి వీపు, నల్లటి మచ్చలు. కానీ వంగ ఆకు మీద కూర్చున్న మచ్చల పురుగుని చూసి "మిత్రపురుగు, ముట్టుకోకండి" అని సలహా ఇచ్చేవాళ్ళు కూడా పెరిగారు. వంగ మీద ఉండేది ఎక్కువగా ఎపిలాక్నా. అదీ అక్షింతల పురుగుల కుటుంబానిదే, కానీ ఆకే దాని అన్నం. మచ్చలు లెక్కపెట్టాలంటే ఒకదానికి 28 ఉండొచ్చు, ఇంకోదానికి తక్కువ ఉండొచ్చు, అది నమ్మకమైన గుర్తు కాదు. అద్దంలో చూస్తే ఒక్క క్షణంలో తేలిపోతుంది. పేనుబంకని తినే అక్షింతల పురుగు వీపు నున్నగా నిగనిగలాడుతుంది, ఆకాశం వెలుగు దాని మీద తెల్లటి చుక్కలా మెరుస్తుంది. ఎపిలాక్నా వీపు మెరవదు. రాగి రంగు పెంకు నిండా సన్నటి నూగు పరుచుకుని ఉంటుంది. ఒక్కసారి ఆ నూగు చూస్తే ఇక అద్దం లేకపోయినా గుర్తుపట్టేస్తారు.

పిల్లల్లోనూ తేడా ఉంది. ఎపిలాక్నా పిల్ల పసుపు రంగు, ఒంటి నిండా కొమ్మలు చీలిన ముళ్ళు, చుట్టూ ఆకు పచ్చదనమంతా గోకేసి జల్లెడలా ఉంటుంది. మంచి అక్షింతల పురుగు పిల్ల పొడుగ్గా, నల్లగా, నారింజ మచ్చలతో ఉంటుంది, చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, పేనుబంక గుంపుల్లో చకచకా తిరుగుతుంది. మన తోటల్లో అన్యాయంగా చచ్చేవాటిలో ఇదే మొదటిదని నా బాధ. తల్లిని ఫోటో తీసి స్టేటస్ పెడతారు, పిల్లని చెప్పుతో నలుపుతారు. ఇంక గుడ్లు మాత్రం రెండింటివీ పసుపు రంగులో, గుంపుగా నిలబెట్టినట్టే ఉంటాయి, అద్దంలో కూడా నాకు తేడా చిక్కదు. అలాంటప్పుడు ఆకుకి దారం కట్టి గుర్తు పెట్టి, మూడు నాలుగు రోజులు ఆగి పిల్లలు వచ్చాక చూస్తాను.

మిర్చి దగ్గరికి వచ్చేసరికి ఈ అద్దం బలం, బలహీనత రెండూ బయటపడతాయి. మిర్చి రైతులకి పై ముడత, కింది ముడత అన్న మాటలు వేలి చివర ఉంటాయి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుని కాడ సాగితే తెల్లనల్లి. తామర పురుగు మిల్లీమీటరు పొడవు, సన్నటి గీత. కొమ్మ కింద తెల్ల కాగితం పెట్టి రెండుసార్లు తట్టి, కాగితం మీద అద్దం పెడితే పాకుతూ కనిపిస్తుంది. పిల్లలు లేత పసుపు. 2021లో గుంటూరు, ఖమ్మం మిర్చి రైతుల్ని ముంచేసిన నల్ల తామర పురుగు పువ్వుల్లో చేరే రకం, కాబట్టి పువ్వుని కూడా తట్టి చూడాలి. అదే కాగితం మీద తామర పురుగు కంటే కాస్త పెద్దగా, నలుపు తెలుపు మచ్చలతో పరుగెత్తే చిన్న కీటకం కనిపిస్తే సంతోషించండి, ఓరియస్ అంటారు, తామర పురుగులే దాని భోజనం.

తెల్లనల్లి దగ్గర మాత్రం అద్దం చేతులెత్తేస్తుంది. అది మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. 10 రెట్లలో కదిలే చుక్కగా తోస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. అక్కడ ముడత తీరు చూసి నిర్ణయించుకోవాల్సిందే. ఎర్రనల్లి అయితే బాగా కనిపిస్తుంది: బెండాకు అడుగున సన్నటి గూడు, అందులో గుండ్రటి గుడ్లు, ఎనిమిది కాళ్ళ నల్లులు, కొన్నిటి ఒంటి మీద రెండు పక్కలా నల్లటి మచ్చలు. ఎనిమిది కాళ్ళు లెక్కపెట్టడం ఎందుకు ముఖ్యమంటే, ఎర్రనల్లి కీటకం కాదు, సాలీడు వర్గానిది. మామూలు పురుగుమందులు చాలావరకు దానికి తగలవు, పైగా నల్లిని తినే నల్లుల్ని చంపి దాన్ని ఇంకా పెంచుతాయి. నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, చల్లటి పూట కొట్టాలి. వేపనూనె కొట్టిన దగ్గరలో గంధకం కొడితే ఆకు మాడిపోతుంది, కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. గూట్లోనే మెరుస్తూ మిగతావాటి కంటే జోరుగా పరుగెత్తే నల్లి ఉంటే అది వేటాడే రకం, గంధకం దాకా వెళ్ళకుండా ముందు నీళ్ళ జోరుతో ప్రయత్నించండి.

సరే, పురుగు ఎవరో తెలిసింది. మందు కొట్టాలా వద్దా? ఇక్కడ మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న లెక్క వాడతాను. ఆయన కోనసీమలో వరి చేసేవారు. పొలంబడికి వెళ్ళేవారు. రైతులంతా పొద్దున్నే చేలోకి దిగి, దుబ్బుల్లో సుడిదోమ ఎంతుంది, దాన్ని తినే సాలీళ్ళు, మిరిడ్ అనే వేటాడే పురుగులు ఎన్నున్నాయి అని లెక్కపెట్టి, గట్టు మీద కూర్చుని చార్టు మీద బొమ్మ గీసి, ఆ తర్వాత మందు సంగతి మాట్లాడుకునేవాళ్ళు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ వాళ్ళ పుస్తకాల్లోనూ ఇదే పద్ధతి ఉంది: రెండు శత్రుపురుగులకి ఒక మిత్రపురుగు ఉంటే మందు జోలికి పోనక్కర్లేదని స్థూలంగా చెప్తారు. పేనుబంక వందల్లో ఉంటుంది కాబట్టి ఇంటి తోటలో ఈ లెక్క అక్షరాలా కుదరదు. ఒక సిర్ఫిడ్ పిల్ల ఒక్కటే పదుల కొద్దీ తింటుంది. కానీ తినేవాళ్ళనీ, తినబడేవాళ్ళనీ ఇద్దరినీ లెక్కపెట్టాకే సీసా తియ్యాలి అన్న క్రమం మాత్రం నేను తప్పను. అద్దం లేకపోతే ఆ లెక్క మొదలే కాదు.

కోనసీమలో మా ఊళ్ళో కొబ్బరి చెట్ల దగ్గరా ఈ అద్దం ఇదే పని చేసింది. సర్పిలాకార తెల్లదోమ 2016లో పొల్లాచ్చి వైపు మొదలై గోదావరి జిల్లాల కొబ్బరి మీదికి వచ్చింది. ఆకు అడుగున తెల్లటి మైనం చుట్లు చుట్లుగా, కింది ఆకుల పైభాగం మీద నల్లటి మసి. మట్టల్ని చూస్తే గుండె చెరువవుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు ఘాటు మందులు వద్దని, మిత్రపురుగుల్ని కాపాడమని చెప్తూ, ఇసారియా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని తయారు చేయిస్తున్నారు. ఎందుకు మందు వద్దో నాన్నగారికి ఈ అద్దంలోనే కనిపించింది. పిల్లల పెయింటింగ్ బ్రష్‌తో ఆకు మీద మైనం నెమ్మదిగా తుడిచి, కింద ఉన్న తెల్లదోమ కోశాల్ని చూశాం. తెల్లదోమ తనంతట తాను బయటికొస్తే కోశం మీద అడ్డంగా, నిలువుగా చీలిక ఉంటుంది. ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ లోపల పెరిగి వస్తే గుండ్రటి కన్నం ఉంటుంది, కోశం నల్లబడుతుంది. ఒక ఆకు ముక్క మీద చీలికలూ, కన్నాలూ విడివిడిగా లెక్కపెట్టారు నాన్నగారు. కన్నాలే ఎక్కువ తేలాయి. "అయితే చెట్టు ఎక్కించక్కర్లేదు" అన్నారు. మందు కొట్టడానికి మనిషిని పిలుద్దామనుకున్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

పోల్చి చూడ్డానికి రెండు వస్తువులు. ఫోనుకి తగిలించే క్లిప్పు లెన్సు కూడా ఉంది నా దగ్గర. ఫోటో కావాలంటే అది మంచిదే. ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవాళ్ళు పేరు చెప్పి సరిచేస్తారు, పురుగు ఫోటో ఎంత స్పష్టంగా ఉంటే పేరు అంత కచ్చితంగా వస్తుంది. ఐక్రిశాట్ సహకారంతో తెలుగులోకి వచ్చిన ప్లాంటిక్స్ అనే యాప్ ఆకు ఫోటో చూసి తెగులు పేరు చెప్తుంది. కానీ క్లిప్పు లెన్సు బెండాకు అడుగున పెట్టడానికి ఫోను తలకిందులు చేసి, రెండు మూడు కెమెరాల్లో ఏది పనిచేస్తోందో వెతుక్కునేలోపు పచ్చదోమ పక్కకి నడిచి ఆకు అవతలికి వెళ్ళిపోతుంది. రెండోది చిన్న లైటున్న 60 రెట్ల పాకెట్ మైక్రోస్కోపు. తుంచిన ఆకుని బల్ల మీద పెట్టి తెల్లనల్లిని చూడ్డానికి బాగుంటుంది, మొక్క మీద మాత్రం కుదరదు. రోజూ చేతిలో ఉండేది ఈ మడత అద్దమే.

కొన్నిటికి అసలు అద్దం అవసరం లేదు, అవి తెలిస్తే చాలు. గులాబీ ఆకు అంచున కత్తెరతో కోసినట్టు అర్ధచంద్రాకారంగా ముక్కలు పోతే అది ఆకు కోసే తేనెటీగ పని, గూడు కట్టుకోవడానికి పట్టుకెళ్ళింది, మొక్కకి ఏమీ కాదు. కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించే లద్దెపురుగు నిమ్మజాతి సీతాకోకచిలుకది. తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి వాసన కొడుతుంది. మొక్క పెద్దదైతే వదిలేస్తాను, చిన్నదైతే తీసి పెద్ద నిమ్మ మీద వేస్తాను. లద్దెపురుగు వీపు మీద తెల్లటి బియ్యపు గింజల్లా ఉంటే చంపకండి, అవి కందిరీగ గూళ్ళు, ఆ పురుగు ఎలాగూ బతకదు. కుండీలో రోకలిబండ కుళ్ళిన ఆకులు తింటుంది, దాని పనిలో దాన్ని ఉండనివ్వండి. వంగ కొమ్మ చివర వాడి వేలాడితే మాత్రం జాలి లేదు, మొవ్వు తొలిచే పురుగు లోపల ఉంది, వాడిన చోటికి కాస్త కింద తుంచి నలిపేయాలి.

వస్తువులో లోపాలు ఉన్నాయి. మడత దగ్గర మర కొన్నాళ్ళకే వదులైంది, కళ్ళజోడు రిపేరు చేసే చిన్న స్క్రూడ్రైవరుతో బిగించాల్సి వచ్చింది. మెడలో వేసుకునేందుకు తాడు కట్టే కన్నం లేదు, పెట్టి ఉంటే ఎంత బాగుండేదో, ఎందుకంటే మొక్కల మధ్య రెండు చేతులూ ఆకుకే కావాలి. మెరిసే స్టీలు తొడుగు ఎండలో కళ్ళల్లో కొడుతుంది. మే నెల మధ్యాహ్నం మేడ మీద పెడితే ముట్టుకోలేం. తెరిచిన అద్దాన్ని ఎండలో ఎండుటాకుల పక్కన వదిలేయకూడదు, నిప్పు అంటుకుంటుంది. పిల్లల చేతికిచ్చేటప్పుడు సూర్యుడివైపు పెట్టి చూడొద్దని గట్టిగా చెప్పి ఇవ్వాలి. అంచుల్లో రంగుల చారలు కొంచెం కనిపిస్తాయి, మధ్యలో బొమ్మ మాత్రం తేటగా ఉంది. మొత్తం కలిపి ఐదుకి నాలుగు మార్కులు.

ఆన్‌లైన్‌లో కాకుండా కొనాలంటే నగల పనివాళ్ళ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. కొనేముందు న్యూస్‌పేపరు ముక్క, స్కేలు పట్టుకెళ్ళి రెండున్నర సెంటీమీటర్ల దగ్గర అక్షరం తేటగా, అంచులు వంకర పోకుండా కనిపిస్తోందో లేదో షాపులోనే చూసుకోండి. తెచ్చాక చీర కొంగుతో, మట్టి చేత్తో తుడవకండి, ఇసుక రేణువు గీత పెట్టేస్తుంది. ముందు ఊది దుమ్ము పోగొట్టి, కళ్ళజోడుతో వచ్చే మెత్తటి గుడ్డతో తుడవండి. మందారం దగ్గరికి వెళ్ళేటప్పుడు పెయింటింగ్ బ్రష్ కూడా వెంట ఉంచుకోండి, పిండినల్లి మైనం పక్కకి తొయ్యడానికి వేలు పనికిరాదు.